బెంజో బాలచంద్ర వస్తే ఎవరో పోయినట్టే

చిత్తూరు చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో నన్ను గుర్తుపట్టనివాళ్ళు లేరు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. గుర్తుపట్టకుండా ఉంటే బాగుండునని నేనే ఎన్నోసార్లు అనుకున్నాను. స్కూటర్ వెనక బెంజో పెట్టె కట్టుకుని నేను ఏ వీధిలోకి తిరిగినా అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. గౌరవమనుకునేరు. "ఎవురప్పా పోయినారు?" అని అడగడానికి లేస్తారు.

"ఎవురూ పోలేదప్పా, టమాటాలకు వచ్చినా" అంటే నమ్మరు.

"టమాటాలకు బెంజో ఎందుకప్పా?" అంటారు.

పెట్టెను స్కూటర్‌కు మూడు ముళ్ళు వేసి కట్టి ఉంటానని, టమాటాల కోసమని ఆ ముళ్ళన్నీ ఎవడు విప్పుతాడని నేను వివరంగా చెప్తాను. వాళ్ళు తల ఊపుతారు. నేను వెళ్ళిన తర్వాత కూడా కాసేపు వీధి చివర దాకా చూస్తూనే ఉంటారు, ఏ ఇంటి ముందు ఆగుతానో అని.

ఒకసారి మా మేనమామ జ్వరంతో ఆసుపత్రిలో ఉంటే చూసి వద్దామని వెళ్ళాను. ఆ రోజు పెట్టె కూడా తీసుకుపోలేదు, యాపిల్ పండ్లు పట్టుకుని మర్యాదగా వెళ్ళాను. పక్క మంచం మీది ముసలాయన నన్ను చూడగానే దుప్పటి ముఖం మీదికి లాక్కుని, "నాకేం లేదని డాక్టరు సెప్పినాడు, నువ్వు పోప్పా" అన్నాడు. ఇంకో వారం ఉండవలసిన మా మేనమామ ఆ సాయంత్రమే డిస్చార్జి అయి ఇంటికి వెళ్ళిపోయాడు. జ్వరం కూడా తగ్గిపోయిందట. ఆ పుణ్యం నాదేనని ఎవరూ అనలేదు. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు.

నేను ముప్పై అయిదేళ్ళుగా చావు ఇళ్ళలో బెంజో వాయిస్తున్నాను. మా వైపు మనిషి పోతే, పాడె ఎత్తేదాకా ఇంటి ముందు భజన జరగాలి. గోవిందయ్య మా భజన బృందానికి పెద్ద. హార్మోనియం వాయిస్తూ పాడేది ఆయన. ఒకరు మృదంగం, ఇద్దరు తాళాలు, మూలన నేను. బెంజో అంటే పెద్ద వాద్యమేమీ కాదు. రెండు మూరల చెక్కపెట్టె, దాని మీద తీగలు, ఎడమ పక్కన టైపు మిషను మీటల్లాంటి మీటలు. ఎడమచేత్తో మీటలు నొక్కుతూ, కుడిచేత్తో చిన్న బిళ్ళ పట్టుకుని తీగలు మీటాలి. ఈ టైపు మిషను దగ్గరే నా బతుకు దారి తప్పింది.

మా నాయన మునివెంకటప్ప చిత్తూరు మామిడి మండీలో తూకం వేసేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడి పని. ఆయన రోజూ వెళ్ళే దారిలో, కోర్టు ముందర ఒకాయన టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొడుతుండేవాడు. ఆయన్ను చూసి మా నాయనకు నా గురించి ఒక కల వచ్చింది. "ఎండలో నిలబడే పని నీకొద్దురా. నీడన కూసోని, ఏళ్ళతో బతకాల" అనేవాడు. ఆ కల అక్షరాలా నెరవేరింది. కూర్చునే బతుకుతున్నాను. వేళ్ళతోనే బతుకుతున్నాను. నీడ మాత్రం షామియానాది.

టైపు నేర్చుకోవడానికి చిత్తూరులో చేర్పించాడు. లోయర్ పాసయ్యాను. హయ్యర్ మూడుసార్లు తప్పాను. ఇంట్లో సాధన లేకపోవడం వల్లే తప్పుతున్నానని నేను ఒక కారణం చెప్పాను. పాపం ఆయన నమ్మి, పాత మిషను ఒకటి కొనుక్కోమని పంపించాడు. మిషన్లు అమ్మే కొట్టు పక్కనే వాద్యాలు బాగుచేసే కొట్టు ఉండేది. దాని ముందర బల్ల మీద ఈ బెంజో పెట్టి ఉంది. అవే మీటలు, అదే వరుస. నొక్కితే "టక్" మనడానికి బదులు "టింగ్" మంది. నేను ఇంటికి దానితో వచ్చాను.

మా నాయన దాన్ని నాలుగు పక్కలా తిప్పి చూశాడు. "ఇదేం మిషనురా?"

"ఇదీ అట్లాంటిదే నాయనా. మీటలు సూడు."

ఆయన ఒక మీట నొక్కి తీగ మీటాడు. తర్వాత పెట్టె ఎత్తి కింద చూశాడు. "అచ్చరం యాడ పడిందిరా?"

"దీంట్లో అచ్చరాలు పడవు నాయనా. శబ్దం వస్తాది. ఏళ్ళకు సాధన."

ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, ఆయన దాన్ని కూడా నమ్మాడు. "మావోడి మిషను పాట కూడా పాడతాదప్పా" అని మండీలో అందరికీ చెప్పుకున్నాడు. నాలుగోసారి కూడా హయ్యర్ తప్పాక మాత్రం చెప్పుకోవడం మానేశాడు.

అలా గోవిందయ్య బృందంలో చేరాను. మొదట్లో అన్నీ వాయించేవాళ్ళం. శ్రీరామనవమి, అలిపిరి మెట్ల మీద భజనలు, పెళ్ళిళ్ళు, చావులు. నాకొచ్చింది నాలుగు సినిమా పాటలు, ఆరు భజనలు. ఎక్కడికి వెళ్ళినా ఆ పదే తిప్పి తిప్పి వాయించేవాణ్ణి. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఎవరూ వినలేదు.

వినడం మొదలైంది ఒక చావు ఇంట్లో. పాడె ఎత్తేటప్పుడు పాట ఆపేసి గోవింద నామం చెప్తారు. నామానికీ నామానికీ మధ్య కొంచెం నిశ్శబ్దం ఉంటుంది. ఆ రోజు ఆ నిశ్శబ్దం మరీ సాగింది. పోయినాయన తమ్ముడు బావి తగాదాలో పన్నెండేళ్ళు మాటల్లేకుండా ఉండి, ఆ రోజు వచ్చి వాకిట్లో కొయ్యలాగా నిలబడ్డాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. గోవిందయ్య నాకు సైగ చేశాడు, ఏదో ఒకటి వాయించమని. నా పదీ అయిపోయాయి. భయంతో చెయ్యి దానంతట అది ఒక వరస పట్టుకుంది. మాటలు లేని వరస. ఊఁ ఊఁ అని రెండు తిప్పులు మెల్లగా తిరిగి, మూడో తిప్పులో ఉన్నట్టుండి పైకి లేచి, అక్కడ నిలబడి వణికి, జారి కిందికి వస్తుంది. ఆ జారే చోట తమ్ముడు పాడె మీద పడ్డాడు. రాత్రంతా ఏడ్చి కళ్ళు ఎండిపోయిన ఆడవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు గోవిందయ్య అడిగాడు. "ఏందప్పా అది? కడుపులో సెయ్యి పెట్టి దేవినట్టుండాది. యాడ నేర్సినావు?"

"ఏమోనప్పా" అన్నాను. అబద్ధం. దారిలోనే నాకు గుర్తొచ్చింది. అది మా అమ్మ పాట.

మా అమ్మ మునిరత్నమ్మ ఆ రోజుల్లో మామిడి తోపులకు కాపలా పనికి వెళ్ళేది. కొమ్మకు పాత చీర కట్టి, అందులో నన్ను పడుకోబెట్టి, ఊపుతూ ఈ వరస తీసేది. మూడేళ్ళు నిండేదాకా నేను ఆ ఉయ్యాలలోనే పెరిగాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు అసలే చెప్పలేదు. 'నీ జోలపాటతో శవాలను సాగనంపుతున్నానమ్మా' అని ఏ కొడుకు చెప్పగలడు?

ఆ వరసకు నా పేరే వచ్చింది. బాలచంద్ర వరస అన్నారు. తాము పోతే ఆ వరస వాయించాలని పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పి పోవడం మొదలుపెట్టారు. తిరుమలయ్య అని మాజీ సర్పంచి ఒకాయన టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకుని, "నాకెట్ల వాయిస్తావో ఒక ముక్క సూపియ్యప్పా" అన్నాడు. బతికున్నవాళ్ళకు వాయించనంటే, "సచ్చినాక నాకేం తెలస్తాదప్పా, నువ్వు ఏమారిస్తే?" అన్నాడు. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. ఆయనకు ఇప్పుడు తొంభై. నన్ను చూసినప్పుడల్లా ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

పెళ్ళిళ్ళు ఎలా పోయాయో కూడా చెప్పాలి. సత్యవేడులో ఒక పెళ్ళి. ముహూర్తానికి మేళం వేరే ఉంది. వచ్చినవాళ్ళు కూర్చునేదాకా భక్తిపాటలు వాయించడానికి మమ్మల్ని పిలిచారు. అంతా బాగానే జరిగింది. మేళంవాళ్ళు టిఫిన్‌కు వెళ్ళారు. ఇంతలో పెళ్ళికూతురిని మండపంలోకి తెచ్చే వేళయింది. మేనమామలు నలుగురు వచ్చి, ఆమె కూర్చున్న పీటను నాలుగు పక్కలా పట్టుకున్నారు. "ఎత్తండప్పా, ఎత్తండి" అని ఎవరో కేక వేశారు. నలుగురూ ఒక్కసారిగా భుజాల మీదికి ఎత్తారు. గోవిందా అన్నారు.

నా వేళ్ళకు ఇంకేం కావాలి?

నేను కళ్ళు మూసుకుని వాయిస్తానన్నది ఇంకో దరిద్రం. మూడో తిప్పు కూడా అయిపోయి, జారే చోటు దాకా వచ్చాక ఏడుపు వినబడింది. అలవాటుగా, బాగా వస్తోందని ఇంకొంచెం లాగాను. కళ్ళు తెరిస్తే పెళ్ళికూతురి అవ్వ గుండెలు బాదుకుంటోంది. రెండేళ్ళ కిందట ఆమె భర్తకు వాయించింది నేనే. మేనమామల్లో ఒకాయన పీటను వదిలేశాడు. గోవిందయ్య హార్మోనియం మూత కూడా పెట్టకుండా భుజాన వేసుకుని పరిగెత్తాడు. ఆయన పరిగెత్తితే హార్మోనియం దారి పొడుగునా కూస్తూ వచ్చింది. ఆ రోజు మేము భోజనం చెయ్యలేదు. ఆ తర్వాత ఏ పెళ్ళిలోనూ చెయ్యలేదు, పిలిస్తే కదా. నా పెళ్ళి అంతకు ముందే అయిపోవడం నా అదృష్టం. లేకపోతే ధరణిని నాకు ఎవరిచ్చేవాళ్ళు?

ఇంత పేరు వచ్చింది. మా అమ్మ మాత్రం ఒక్కసారి కూడా నా బెంజో వినలేదు.

చావు ఇంట్లో మోగే తంతి బతికినోళ్ళ ఇంట్లో మోగకూడదని ఆమె పట్టు. "పిలిసినట్టవుతాదిరా" అనేది. పెట్టెను ఇంటి బయట రేకుల షెడ్డులోనే పెట్టాలి. సాధన చేసుకోవాలంటే తోపులోకి పోవాలి. తెలిసినవాళ్ళ ఇంట్లో చావైతే ఆమె నా కంటే ముందే వెళ్ళి, ఏడవవలసింది ఏడ్చి, నా స్కూటర్ చప్పుడు వినగానే కొంగు దులుపుకుని లేచి వచ్చేసేది. "నేను పోయినప్పుడు వాయిస్తావు గదా, అప్పుడు ఇంటాలే" అనేది నవ్వుతూ.

నేనూ నవ్వేవాణ్ణి. మా నాయన పోయేదాకా.

పదకొండేళ్ళ కిందట ఆయన పోయాడు. గోవిందయ్య బృందమంతా వచ్చింది. పాడె ఎత్తే వేళకు నేను తడిబట్టలతో, చేతిలో నిప్పుకుండతో ముందు నిలబడి ఉన్నాను. ఒక్కడే కొడుకును. కర్మ చేసే చెయ్యి వాద్యం పట్టకూడదు. నలుగురూ పాడె ఎత్తారు. గోవింద నామం అయింది. ఆ నిశ్శబ్దం వచ్చింది. వచ్చినవాళ్ళంతా అలవాటుకొద్దీ నా వైపు చూశారు. నా బెంజో షెడ్డులో ఉంది. అక్షరం ఎక్కడ పడిందని పెట్టె కింద వెతికిన మనిషి, ఏ వరసా లేకుండానే లేచి వెళ్ళిపోయాడు.

స్మశానం నుంచి తిరిగి వస్తుంటే నాకు అర్థమైంది. మా అమ్మ వంతు వచ్చినప్పుడు కూడా నా చేతిలో కుండే ఉంటుంది. పాతిక ఊళ్ళలో ఎవరికైనా వాయించగలను, మా అమ్మకు తప్ప. ఆమె వినాలంటే బతికుండగానే వినాలి. బతికుండగా విననని ఆమె. నేను అన్నం తింటున్నది ఆమె పాట మీద. ఎవరికీ చెప్పకుండా తీసుకుని, నా పేరు పెట్టి వాడుకుంటున్న పాట. ఒక్కసారి దాన్ని తీసుకుపోయి ఆమె ముందు పెట్టాలి. అప్పటి నుంచి నాకున్న కోరిక ఇదొక్కటే. కుండ సంగతి ఆమెతో ఎత్తడానికి మాత్రం నోరు రాలేదు. కన్నతల్లి ముందు ఆమె చావు ఏర్పాట్లు మాట్లాడాలంటే నాలాంటివాడికి కూడా కష్టమే.

అందుకని దొంగదారులు వెతికాను. ధరణి చేత ఫోన్లో రికార్డు చేయించి, మధ్యాహ్నం అమ్మ పడుకున్నప్పుడు తల దగ్గర పెట్టాను. మొదటి టింగు వినబడగానే ఆమె లేచి ఫోనును బియ్యం డబ్బాలో పడేసి మూత వేసింది. డబ్బాలో నా వరస మూడు తిప్పులూ పూర్తయ్యేదాకా, ఆమె చెవుల్లో వేళ్ళు పెట్టుకుని గోవింద నామం చెప్పుకుంది.

తర్వాత భజన బృందాల సంఘంవాళ్ళు నాకు చిత్తూరులో సన్మానం పెట్టారు. శాలువా, దండ, 'బెంజో బ్రహ్మ' అని బిరుదు. కల్యాణ మండపం కదా, చావు ఇల్లు కాదు కదా, అక్కడికైనా అమ్మ వస్తుందని ఆశపడ్డాను. మా వీధి మొదట్లో నా ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీ వేసినవాడు రోజూ వేసేది శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. అలవాటుగా నా ఫోటోకు రెండు పక్కలా రెండు దీపాలు పెట్టాడు. పదింటికల్లా మా ఇంటికి దండలతో జనం వచ్చారు. ధరణి తలుపు తీసి, వాళ్ళ చేతుల్లోని దండలు చూసి, "ఆయప్ప నీళ్ళు పోసుకుంటా ఉండాడు, కూసోండి" అందట. వాళ్ళు శవానికి స్నానం చేయిస్తున్నారనుకుని కూర్చున్నారు. నేను తువ్వాలుతో బయటికి వస్తే ఒకామె పడిపోయింది.

"సూసినావా? అందుకే ఆ తంతి వద్దనేది" అంది మా అమ్మ. సన్మానానికి రాలేదు.

పోయిన మామిడి కాపు రోజుల్లో మా వీధిలోనే చెంగమ్మ పోయింది. అరవై ఏళ్ళుగా మా అమ్మకు స్నేహితురాలు. ఇద్దరూ పక్కపక్క తోపులకు కాపలా ఉన్నవాళ్ళు. నేను వెళ్ళేసరికి మా అమ్మ చెంగమ్మ తల దగ్గర కూర్చుని ఉంది. స్కూటర్ చప్పుడు విన్నది. లేవలేదు. లేచి పోనీలే అని నేను పెట్టె ముళ్ళు మెల్లగా విప్పాను, తీగలు మెల్లగా బిగించుకున్నాను. ఆమె నా వైపు కూడా చూడలేదు.

గోవిందయ్య నా చెవిలో, "అమ్మ ఆడే ఉండాదప్పా" అన్నాడు.

"సూస్తా ఉండానప్పా."

ముప్పై అయిదేళ్ళ అనుభవమున్న బెంజో బ్రహ్మ చేతిలోంచి బిళ్ళ రెండుసార్లు జారి కింద పడింది. పాడె ఎత్తారు. గోవింద నామం చెప్పారు. నేను మొదలుపెట్టాను. మొదటి తిప్పు, రెండో తిప్పు. మూడో తిప్పులో వరస పైకి లేచి వణికి జారింది. వాకిలంతా ఒక్కసారి గొల్లుమంది. నేను మా అమ్మను చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల మోకాళ్ళలోకి వంచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

నాకు లోపల ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. అవతల పాడె మీద చెంగమ్మ శవం, ఇవతల నా గెలుపు. ఎలాంటి మనిషినో చూసుకోండి. అమ్మ కోసమని ఆ జారే చోటును ఇంకో రెండింతలు లాగాను.

ఇంటికి వచ్చి తల మీద నీళ్ళు పోసుకుని వసారాలో ఆమె పక్కన కూర్చున్నాను.

"అమ్మా, ఇన్నావా?"

"ఇన్నా."

"ఎట్లుండాది?"

మళ్ళీ కొంగు నోటికి వెళ్ళింది. మళ్ళీ భుజాలు ఎగిరాయి. ఈసారి దగ్గరి నుంచి చూశాను. ఆమె ఏడవడం లేదు. నవ్వుతోంది.

"ఆడ ఏడస్తా ఉండావనుకున్యానే!"

"ఏడుపు పొద్దున్నే అయిపోయిందిరా. నువ్వు వాయిస్తే నవ్వు ఆగలా. సెంగమ్మ కాడ కూసోని నవ్వితే జనం ఏమనుకుంటారని కొంగు కుక్కుకుంటి." కళ్ళు తుడుచుకుంది. "ఆ వరస యాడిదిరా నీకు?"

"నీదే గదమ్మా. ఉయ్యాల పాట." చెప్పేశాను చివరికి.

"పాట నాదే. ఆ మూడో తిప్పు కాడ లాగి లాగి పెడతా ఉండావే, అది పాట కాదు నాయనా. అది కోతుల్ని తోలే కేక."

నాకు అర్థం కాలేదు. ఆమె అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, కళ్ళు చెట్ల మీద పెట్టి పాడేదట. పాట మూడో తిప్పులోకి వచ్చేసరికి ఏదో ఒక కొమ్మ ఊగేది. పాట ఆపి, గొంతెత్తి "హో...య్" అని ఒక కేక. కోతులు పోయాక మళ్ళీ పాట.

"నేను ఈ పక్కన, సెంగమ్మ ఆ పక్కన. ఇద్దరం గొంతులు పోయేటట్టు అరస్తా ఉంటిమి. నువ్వు ఆ కేకను గూడా పాటనుకోని పట్టుకున్యావు. సెంగమ్మకు పానం ఉంటే అదీ నవ్వుండు."

పన్నెండేళ్ళ తగాదా మరిచి పాడె మీద పడిన తమ్ముడు, గుండెలు బాదుకున్న అవ్వ, ముందుగానే ముక్క చూపించమన్న మాజీ సర్పంచి, శాలువా, బిరుదు. పాతిక ఊళ్ళ జనం ఇన్నేళ్ళుగా కోతుల్ని తోలే కేకకు ఏడుస్తున్నారు. బెంజో బ్రహ్మ కనిపెట్టిన ఆ ఒక్క స్వరం తోపులోని కోతులన్నిటికీ తెలుసు.

సిగ్గు కోపంగా మారింది. "ఎప్పుడో ఇనుంటే అప్పుడే సెప్పుండేదానివి గదా! ఇనను, ఇనను అంటివి."

"నేను పోయినప్పుడు ఇంటాలే అనుకుంటి."

"నువ్వు పోయినప్పుడు నా సేతిలో కుండ ఉంటాది గదమ్మా! బెంజో యాడ పట్టుకునేది?"

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. నా చేతుల వైపు చూసింది. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ తట్టలేదని ముఖంలోనే తెలిసింది. గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళి పడుకుంది. ఆ పూట సంగటి కూడా తినలేదు. నేనూ తినలేదు. ధరణి ఇద్దరినీ తిట్టింది.

మరుసటి రోజు మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగాక పిలిచింది. "ఒరే, ఆ పెట్టె తీసకరా."

"ఇంట్లోకా?"

"ఇంట్లోకే."

"పిలిసినట్టవుతాదంటివే అమ్మా."

"ఎనభై నాలుగేండ్లాయ. పిలిస్తే పిలవనీలే. ఇనకుండా పోయేదాని కంటే మేలు."

షెడ్డులోంచి పెట్టె తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆమె మంచం పక్కన నేల మీద పెట్టుకుని కూర్చున్నాను. వీధిలోవాళ్ళు దండలు పట్టుకుని రాకుండా ధరణి కిటికీలు మూసి, వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను వాయించాను. ఈసారి తప్పు లేకుండా వాయించాను. మూడో తిప్పులో ఆ కేక తీసేసి, ఆమె పాడినట్టు అనుకుని, తిన్నగా, మెత్తగా ముగించాను.

ఆమె కళ్ళు మూసుకునే ఉంది. "కేక యాడ పోయిందిరా?"

"పాట కాదంటివే. తీసేసినా."

"సుమ్మనుండు. తియ్యాకు. పాటకు నువ్వు ఏ పొద్దూ నవ్వలేదురా. ఎంత పాడినా ఎర్రిమొగమేసుకోని సూస్తా ఉంటివి. ఆ కేక ఏస్తే మాత్రం ఉయ్యాల్లో ఎగిరెగిరి నవ్వతా ఉంటివి. కోతులు రాని పొద్దు గూడా నీ కోసరమని అరస్తా ఉంటి."

ఇన్నేళ్ళూ జనాన్ని ఏడిపించిన చోట, నేను నవ్వేవాణ్ణట.

"మళ్ళీ వాయించు. కేక పెట్టు."

వాయించాను. మొదటి తిప్పు, రెండో తిప్పు. మూడో తిప్పులో వరస పైకి లేచే చోట, మంచం మీద నుంచి మా అమ్మ, కళ్ళు మూసుకునే, పళ్ళు లేని నోటితో గొంతెత్తి "హో...య్" అంది. నవ్వబోయాను. నవ్వు రాలేదు. వచ్చింది వేరే. మీటలు కనబడలేదు, తీగల మీద చుక్కలు పడి శబ్దం మొద్దుబారింది. చెయ్యి ఆగిపోయింది.

ఆమె ఒక కన్ను తెరిచి చూసింది.

"ఏందిరా ఏడుపు? నేనింకా పోలేదు గదా. వాయించు."